ఏడో నంబరు పుస్తకం

మా ఇంట్లో లేని వస్తువుకి ఒక పేరుండేది. మామ్మ పుస్తకం.

ఒడిశాలో రాయగడ మెయిన్ బజార్లో మాది కిరాణా కొట్టు, టోకూ చిల్లరా రెండూ. ఎవరైనా వచ్చి ధనియాలు అడిగినప్పుడు బస్తా ఖాళీగా ఉంటే, మా నాన్న గల్లాపెట్టె దగ్గర్నుంచి కదలకుండానే "మాయమ్మ పుస్తకంరా!" అని లోపలికి కేకేసేవాడు. సరుకు లేదని చెప్పి పంపించెయ్యమని గుమాస్తాకి అర్థమైపోయేది. మా నాన్నని అందరూ పెద్దబ్బాయి అనే పిలుస్తారు. అసలు పేరు ఇంకేదో ఉంది గాని బ్యాంకువాళ్ళకి తప్ప దానితో ఎవరికీ పని లేదు.

కొట్టుకీ ఇంటికీ మధ్య ఒక్కటే తలుపు. నాన్న మాట మామ్మకి వినిపించేది. ఆవిడ వినీ విననట్టు బియ్యంలో రాళ్ళు ఏరుకునేది. నాకు మాత్రం ఒళ్ళు మండేది. నా కోపం సంగతి మా బజారంతటికీ తెలుసు. ఒకసారి పదేళ్ళ వయసులో, ఆ మాట అన్నందుకు గుమాస్తా చెప్పులు తీసుకెళ్ళి కాలవలో పారేశాను.

మామ్మ చెప్పే కథ ఇది. ఆవిడ పుట్టిల్లు పార్వతీపురం, కింతలి వారు. వాళ్ళ నాన్నది చింతపండు వ్యాపారం. మాఘం వచ్చిందంటే పెరట్లో ఇరవైమంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని పిక్కలు తీసేవారట. చేతికి పని, నోటికి తీరుబడి. ఒకరు పొడుపుకథ వేస్తే ఇంకొకరు విప్పేవారు. మామ్మ పదహారేళ్ళ పిల్ల. విన్నవన్నీ నోటుపుస్తకంలో రాసింది, తను కూడా కొన్ని కట్టింది. బడిలో హెడ్మాస్టరు అది చూసి, దిద్ది, విజయనగరంలో అచ్చుకిచ్చాడు. ప్రూఫులు మామ్మ చూసింది. సిరా ఆరక వేలికి అంటుకుందని ఇప్పటికీ వేలు చూపిస్తుంది. ఇంతలో పెళ్ళయి రాయగడ వచ్చేసింది.

పుస్తకం ఆ తరవాత వచ్చింది. వాళ్ళ నాన్న ఒక కాపీ పోస్టులో పంపాడు. ఆ రోజు సంత. కొట్లో రద్దీగా ఉంది, పొట్లాలకి కాగితం చాల్లేదు. గుమాస్తా ఆ కట్ట విప్పి, చింపి, పొట్లాలు కట్టేశాడు. ఎవరూ కావాలని చేసిన పని కాదు. మా కొట్లో అచ్చు కాగితం అంటే పొట్లం కాగితమే. కొత్త కోడలు కొట్లోకి రాకూడదు కాబట్టి మామ్మ తలుపు సందులోంచి చూసింది. కొండ మీంచి సంతకొచ్చిన ఒకావిడ ఉప్పు పొట్లం పట్టుకుని మెట్లు దిగుతోంది. పొట్లం మీద మామ్మ తనే కట్టిన పొడుపుకథ కనిపించింది.

"పుల్లటి ఇంట్లో నల్లటి పెళ్ళికూతురు. ఎవరది?"

చింతపిక్క.

ఇంకో కాపీ తెప్పించుకుందామంటే ఆ ఏడే వాళ్ళ నాన్న పోయాడు. హెడ్మాస్టరుకి ఎక్కడికో బదిలీ అయింది. పుస్తకానికి చివరికి ఏం పేరు పెట్టారో కూడా మామ్మకి తెలియదు. అట్ట చూస్తే కదా! మా నాన్న వాదన అక్కడే మొదలయ్యేది. "పేరు తెల్దు. అట్ట సూడ్లేదు. ఉప్పు పొట్లం సూసి పుస్తకం రాసేనంటాది. అలగైతే మన కొట్లో పొట్లాలన్నీ ఎవరి పుస్తకాలో!"

కొట్టు లెక్కన చూస్తే నాన్న మాటలో తప్పు లేదు. అదే నాకు మరీ మంటగా ఉండేది.

ఇక నా గురించి. నా పేరు రామతులసి. మా తాతమ్మ పేరు, అంటే మామ్మ అత్తగారి పేరు. నేను పుట్టేటప్పటికి ఆవిడ పోయి నాలుగేళ్ళయింది, అందుకని ఆ పేరు నాకు తగిలించారు. నా ఈడు పిల్లల్లో ఇంత ముసలి పేరు ఇంకెవరికీ లేదు. మామ్మ మాత్రం ఒక్కసారి కూడా నన్నా పేరుతో పిలవలేదు. అత్తగారి పేరు కోడలు నోటితో పలకకూడదు కదా. ఆవిడకి నేను పుట్టిన దగ్గర్నుంచీ 'అమ్మి'నే. మా వీధిలో ఆడపిల్లలందరూ అమ్ములే కాబట్టి, మామ్మ గుమ్మంలో నిలబడి ఒక్క కేకేస్తే నలుగురం పరిగెత్తుకొచ్చేవాళ్ళం.

లైబ్రరీ సైన్సు చదివాక రెండువేల ఏడులో నాకు కొరాపుట్‌లో ఒక కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం దొరికింది. గది అద్దెకి తీసుకున్నాను. పదిహేను రోజులకోసారి రైలెక్కి, సొరంగాలన్నీ దాటుకుని రాయగడ వెళ్ళొచ్చేదాన్ని.

ఆ ఏడు ఎండాకాలంలో ఒక ఆదివారం మామ్మ తలకి నూనె రాస్తున్నాను. కొట్లో నాన్న ఎప్పటిలాగే "మాయమ్మ పుస్తకంరా" అన్నాడు. నేను లేవబోతే మామ్మ నా చెయ్యి పట్టుకుంది.

"పోనీవే అమ్మీ. ఆడన్నదే నిజమేమో. అది ఏ పంచాంగం కాగితమో. ఆ కత ఎవలో అనగా ఇన్నానేమో. నానే కలగన్నానేమో."

నాకు భయమేసింది. నలభై అయిదేళ్ళు ఇల్లంతా నవ్వినా నమ్మకం వదలని మనిషి ఆవిడ. ఇప్పుడు ఆవిడే నాన్న వైపు వెళ్ళిపోతోంది. అలా వెళ్ళిపోతే ఆవిడకి మిగిలేది ఏమిటి? బియ్యంలో రాళ్ళే కదా. ఆ పుస్తకం ఎక్కడున్నా సరే, ఉందని తేల్చాలని ఆ రోజు రైల్లో ఒట్టు పెట్టుకున్నాను.

తేల్చే పనిముట్టు నా చేతిలోనే ఉంది. మా లైబ్రరీలో రెండువేల పుస్తకాలకి కార్డులు లేవు. ఒక్కొక్కటీ కూర్చుని టైపు చేస్తే నా పెళ్ళి వయసు దాటిపోతుంది. అందుకని పెద్ద పెద్ద లైబ్రరీలు ముందే రాసిపెట్టుకున్న వివరాలు తెచ్చుకునేవాళ్ళం. దానికి బొమ్మలూ రంగులూ లేని ఒక ప్రోగ్రాం ఉంది. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, ముందు ఇంగ్లీషు 'జెడ్' అక్షరం, పక్కన ఒక బాణం గుర్తు. అంతే. అక్కడ 'ఓపెన్' అని కొట్టి ఊరి పేరులాంటి అడ్రసు ఇస్తే, ఎక్కడో అమెరికాలో ఉన్న లైబ్రరీ తలుపు తెరుచుకుంటుంది. 'ఫైండ్' అంటే వెతుకుతుంది, 'షో' అంటే చూపిస్తుంది. మా లైను మీద మామూలు వెబ్‌సైటు తెరుచుకునేలోగా టీ తాగి, గ్లాసు కడుక్కుని రావచ్చు. ఇది మాత్రం అరనిమిషంలో జవాబు చెప్పేది.

ఒక్కటే తిరకాసు. దానికి అంతా అంకెల్లో చెప్పాలి. వెయ్యిన్నీ మూడు అంటే రచయిత. నాలుగు అంటే పుస్తకం పేరు. ఇరవై ఒకటి అంటే విషయం. మా కొట్లో కొన్న ధర గిరాకీకి తెలియకుండా బస్తా మీద గుర్తుల్లో రాస్తారు. ఆ విద్య చిన్నప్పుడే పట్టుబడింది కాబట్టి నాకిది కష్టమనిపించలేదు.

అమెరికాలో తెలుగు పుస్తకమేమిటని మీకు అనుమానం రావచ్చు. బెంగుళూరు వర్క్‌షాపులో మాకు చెప్పారు. అరవైల్లో అమెరికా మనకి గోధుమలు అమ్మి, రూపాయలు పుచ్చుకునేది. ఆ రూపాయల్లో కొన్ని పెట్టి ఇక్కడ అచ్చయిన పుస్తకాలు, అన్ని భాషలవీ, కొని తమ లైబ్రరీలకి ఓడల్లో పంపించుకుంది. ఎంత చిన్న పుస్తకమైనా సరే. ఇంట్లో ఎవరూ లెక్కచెయ్యని పుస్తకాన్ని వాషింగ్టన్‌లో నంబరు వేసి అట్ట కట్టి ఉంచారంటే నాకు అప్పుడు నవ్వొచ్చింది. ఇప్పుడు ఆశ పుట్టింది.

కాలేజీకి పిల్లలు రాకముందు, పొద్దున్నే లైను ఖాళీగా ఉన్నప్పుడు వెతకడం మొదలుపెట్టాను. మామ్మ పేరు ఝాన్సీలక్ష్మి, మా ఇంటిపేరు పొట్నూరు. వెయ్యిన్నీ మూడు, పొట్నూరు ఝాన్సీలక్ష్మి. దొరికినవి: సున్నా. అప్పటికి పెళ్ళి కాలేదు కదా అని నాలిక కరుచుకుని కింతలి ఝాన్సీలక్ష్మి కొట్టాను. సున్నా. ఝాన్సీ ఒక్కటీ, లక్ష్మి ఒక్కటీ, కింతలి ఒక్కటీ కొట్టాను. ఝాన్సీ అంటే రాణీగారి చరిత్రలు వచ్చాయి. లక్ష్మి అంటే వందలు వచ్చాయి. అన్నీ చూశాను, మా లక్ష్మి లేదు. కింతలి అంటే ఎవరో ఒక లెక్కల మాస్టారు వచ్చాడు.

తరవాత విషయం పట్టుకుని వెళ్ళాను. ఇరవై ఒకటి, తెలుగు పొడుపుకథలు. పదకొండు వచ్చాయి!  ఒక్కొక్కటీ తీసి రచయిత పేరు చూసుకుంటూ పోయాను. ఒక ప్రొఫెసరు, ఇంకో ప్రొఫెసరు, ఒక శాస్త్రిగారు. ఏడో నంబరు దగ్గర నా పేరే కనిపించింది, కుమారి రామతులసి అని. సరే, ఈ ముసలి పేరుతో లోకంలో ఇంకో అభాగ్యురాలు కూడా ఉందన్నమాట అని నవ్వుకుని ఎనిమిదికి వెళ్ళిపోయాను. పదకొండూ అయిపోయాయి. ఝాన్సీలక్ష్మి లేదు.

వేరే లైబ్రరీలు కూడా తెరిచాను, ఇంగ్లండుది, ఆస్ట్రేలియాది. అక్కడా సున్నా. రెండు నెలలు పొద్దున్నే సున్నాలు చూసి చూసి నాకు కూడా నాన్న మాటే నిజమేమో అనిపించడం మొదలైంది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆషాఢంలో రథయాత్రకి మామ్మ కొరాపుట్ వచ్చింది. కొండ మీద జగన్నాథుణ్ణి చూసుకుంది. గుడి మెట్లు దిగి ఆయాసం తీర్చుకుంటూ, "నీ కచేరీ ఏటో సూపించవే" అంది. మామ్మకి ఏ ఉద్యోగమైనా కచేరీయే. సెలవురోజే గాని తాళంచెవి నా దగ్గరే ఉంది. తీసుకెళ్ళాను. బీరువాలు వేలితో తడుముతూ ఒక్క చుట్టు తిరిగింది. ఆ తరవాత కంప్యూటరు ముందు నా పక్కన స్టూలు మీద కూర్చుంది.

"ఈ డబ్బాలో ఉన్నాదేటి నా పుస్తకం?"

"ఇందులో ఉండదు మామ్మా. ఎక్కడుందో ఇది సెప్తాది."

"సెప్పిందేటి?"

లేదని చెప్పకుండా "నువ్వే సూడు" అని తెర తిప్పాను. ఓపెన్ కొట్టాను. వాషింగ్టన్ పలికింది. వెయ్యిన్నీ మూడు కొట్టి, ఆవిడకి తెలియాలని అక్షరం అక్షరం పైకి చదువుతూ పేరు కొట్టాను. "పొట్నూరు... ఝాన్సీ... లక్ష్మి."

మామ్మ నా భుజం మీద ఒక్కటిచ్చింది. "ఆ పేరెందుకు కొట్టేవు?"

"నీ పేరు కాదేటి?"

"ఇప్పుడు నా పేరే. పుస్తకం రాసినప్పుటికి ఆ పేరు నాకెక్కడిది?"

"అయ్యో, కింతలి అని కూడా కొట్టేను మామ్మా. అదీ లేదన్నాది."

"ఇంటిపేరు కాదే ఎర్రిమొగమా. పేరే. ఈ ఝాన్సీ గీన్సీ ఈ ఇంటికొచ్చేక ఎట్టినది."

నేను కీబోర్డు మీంచి చేతులు తీసేశాను. మామ్మ కొంగుతో మొహం తుడుచుకుని, కాయలో పిక్కలు ఒక్కొక్కటే తీసినట్టు చెప్పింది.

"నాదీ మా అత్తదీ ఒకటే పేరు. పీటలమీద తెలిసింది. ఇంక సూడు, మా అత్త లేచి నిలబడిపోయింది. ఒకింట్లో అత్తకీ కోడలికీ ఒకే పేరేటి, రేపు కోడల్ని పేరెట్టి తిడితే నన్ను నేనే తిట్టుకున్నట్టు కాదేటి, అన్నాది. నిజిమే కదా! అప్పుటికప్పుడు పళ్ళెంలో బియ్యం పోసి, మా మామ ఈ పేరు సెప్తే, ఉంగరంతో రాయించేరు. యుద్ధం సేసిన రాణీ పేరని మా మామకి ఇష్టం. నానేటి యుద్ధం సేసేను? బియ్యంలో రాసేను, అంతే. ఆ దినంనుంచి పాత పేరు నాను అన్లేదు, ఇంకెవలూ అన్లేదు. మీ నాన్నకి కూడా తెల్దు."

"మరి నీ పాత పేరేటి?"

మామ్మ గుమ్మం వైపు చూసింది. లైబ్రరీలో మేమిద్దరమే. తాతమ్మ పోయి ఇరవయ్యేడేళ్ళయింది. అయినా ఆవిడకి నోరు పెగల్లేదు. వేలు పెట్టి నన్ను చూపించింది.

"నీ పేరు కొట్టు."

నాకు వెంటనే బుర్రకెక్కలేదని చెప్పడానికి సిగ్గుపడుతున్నాను. "నా పేరెందుకు?" అన్నాను. అన్న తరవాత, తాతమ్మ పేరే నా పేరు కదా అని వెలిగింది. ఆ వెనకే ఏడో నంబరు గుర్తొచ్చింది. రెండు నెలల కిందట నేను నవ్వి దాటిపోయిన అభాగ్యురాలు.

తొందరలో ఇరవై ఒకటి బదులు పన్నెండు కొట్టాను. అది ఏదో తిట్టింది. మళ్ళీ కొట్టబోతే లైను తెగింది. ఆ లైనుని, టెలిఫోను ఆఫీసుని, నన్ను, అందర్నీ కలిపి తిట్టాను. మామ్మ "నెమ్మది అమ్మీ, నెమ్మది" అంటోంది గాని ఆవిడ చెయ్యి నా కుర్చీని గట్టిగా పట్టుకుని ఉంది. మూడోసారికి లైను కలిసింది. తెలుగు పొడుపుకథలు. పదకొండు. షో ఏడు.

చదవబోతూ ఆగాను. ఇన్నాళ్ళు నవ్వినవాళ్ళ ముందు పెట్టాలంటే గట్టి రుజువు కావాలి. రామతులసులు ఇంకా ఉండొచ్చు. అందుకని తెర నా వైపు తిప్పుకుని అడిగాను. "మామ్మా, నీ హెడ్మాస్టరు పేరేటి?"

"కన్నారావు మాస్టారు. నా పుస్తకానికి పీఠిక తనే రాస్తానన్నారు. రాసేరో లేదో."

తెర మీద చుక్కలు పెట్టిన ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నది నేను తెలుగులో చదివాను. "ఇంటింటి పొడుపుకథలు. సేకరణ కుమారి రామతులసి. పీఠిక కన్నారావు. విజయనగరం, పంతొమ్మిదివందల అరవై రెండు. నలభై ఎనిమిది పేజీలు."

"రాసేరా?" అంది మామ్మ. "మాస్టారు రాసేరా?"

"రాసేరు మామ్మా."

"ఇంటింటి పొడుపుకథలని ఎట్టేరా పేరు! మరి నా ఇంటిపేరు లేదేటి?"

"లేదు. కుమారి అని ఉంది."

"మా నాన్న వొద్దనుంటాడు. పెళ్ళికాని పిల్ల ఇంటిపేరు అచ్చులో ఎందుకని. ఇంకోసారి సదువు."

చదివాను. మళ్ళీ చదవమంది, మళ్ళీ చదివాను. నాకు ఏడుపాగలేదు. మామ్మకి మాత్రం కన్ను తడవలేదు. ఆవిడకి కోపం వచ్చింది. నా కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ రోజు తెలిసింది.

"నలభైయ్యయిదేళ్ళు! నన్ను అబద్ధాలకోరుని సేసేరు. ఆకరికి నన్ను నానే నమ్మడం మానేసేను గదే! ఎక్కడున్నాదది?"

"అమెరికాలో. మనకి గోధుమలమ్మిన డబ్బుతో కొనుక్కెళ్ళేరు." ఓడలూ రూపాయలూ అంతా చెప్పాను.

మామ్మ బుగ్గ నొక్కుకుంది. "ఆ గోధుమలా! మన కొట్లోనే రేషను డిపో ఉండేది. రవ్వ పడితే సగం పురుగులే. ఆ పురుగుల గోధుమలు మనకిచ్చి నా పుస్తకం పట్టుకుపోయేరా?" అని ఒక్క క్షణం ఆలోచించింది. "పోన్లే. పట్టుకుపోబట్టి దాసేరు. మనోళ్ళైతే పొట్లాలు కట్టేసీవారు."

మా ఇంటిల్లిపాదిలో విదేశం వెళ్ళింది ఆ పుస్తకం ఒక్కటే అన్నాను. మామ్మ అప్పుడు నవ్వింది. జిరాక్సు పంపమని ఆ లైబ్రరీకి అక్కడే కూర్చుని ఈమెయిలు రాశాను. ఎవరి తరఫున అడుగుతున్నారో రాయాలి కదా. రచయిత్రి తరఫున అని రాశాను. ఆ ముక్క మామ్మకి రెండుసార్లు చదివి వినిపించాను.

తెర మీద ఉన్నది ప్రింటు తీసి ఇస్తే మడతపెట్టి రవికలో దోపుకుంది. దోపుకుని లేచి నిలబడింది.

"కొట్టుకి ఫోను కలుపు."

నా సెల్లులో కొట్టు నంబరు నొక్కి, స్పీకరు పెట్టి ఇచ్చాను. సాయంత్రం బేరాల వేళ. అటునుంచి త్రాసు గొలుసుల చప్పుడు, ఒడియాలో ఎవరో పప్పు ధర అడుగుతున్న గొంతు, వాటిమీదుగా నాన్న కేక.

"హలో! ఎవరండీ?"

మామ్మ ఫోన్ని నోటికి బాగా దగ్గరగా పెట్టుకుంది. పెదాలు రెండుసార్లు కదిలి ఆగిపోయాయి. నేను మాట్లాడదామని చెయ్యి చాపితే తోసేసింది.

"రామతులసిని" అంది.

"ఏటమ్మీ, నువ్వా? గొంతేటి అలగున్నాది? జలుబు సేసిందా? రథం కాడ వానలో తడిసేవా?"

"నీ కూతురు కాదురా పెద్దబ్బాయి" అంది మామ్మ. "రామతులసిని. పుస్తకం రాసినదాన్ని. మీ అమ్మని."

 పప్పు అడిగినతను మళ్ళీ అడిగాడు. గుమాస్తా కాబోలు, ఉందా లేదా చెప్పమని నాన్నని అడిగాడు.

"ఉందిరా" అన్నాడు నాన్న.